తుడవకూడని సైకిలు

మా తెలుగు సంఘం మ్యూజియానికి సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుందని నేను చెప్పిన రోజు కమిటీలో ఒక్కరూ సంతోషించలేదు. పైగా నన్ను అనుమానంగా చూశారు. మేం భిలాయిలో పుట్టి పెరిగిన తెలుగువాళ్ళం, నాన్నల కాలం నుంచి స్టీలు ప్లాంటు అన్నం తిన్నవాళ్ళం. ఒక చీపురుకట్ట కొనాలన్నా మూడు కొటేషన్లు తెప్పించి, గీతలు గీసి పక్కపక్కన రాసి, తక్కువ చెప్పినవాడికి ఆర్డరివ్వడం మాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. అలాంటివాళ్ళకి అసలు ధరే లేని వస్తువు చూపిస్తే కాళ్ళూ చేతులూ ఆడవు.

"ఫ్రీగా ఎవుడిస్తాడు మేడం? పీఛే కుఛ్ తో హోగా, ఎనకాల ఏదో ఉంటాది," అన్నాడు కార్యదర్శి. ఆయన ప్లాంటు స్టోర్సులో పనిచేసి రిటైరయ్యాడు. పెద్దల ఊరు టెక్కలి వైపు, పుట్టింది మాత్రం ఇక్కడే. తెలుగులో ఎక్కి హిందీలో దిగుతాడు. నేనాయన్ని భయ్యా అంటాను.

అధ్యక్షుడు గారు మెయింటెనెన్సులో పెద్ద ఆఫీసరుగా చేసినవారు. నేను ప్లాంటు కంప్యూటర్ విభాగంలో ఉద్యోగం చేసి, రిటైరై, జుట్టు నెరిసినా ఆయనకి ఇంకా "అమ్మాయి"నే.

"ఉచితమైతే మంచిదే అమ్మాయ్. కానీ పద్ధతి పద్ధతే. మూడు కొటేషన్లు ఉండాలి," అన్నారు.

తెప్పించాను. రాయ్‌పూర్‌లో ఇద్దరు వ్యాపారులు తమ ధరలు రాసి పంపారు. మూడో గడిలో భయ్యా సున్నా వేశాడు. వేశాక, చూసేవాళ్ళు రాయడం మరిచిపోయామనుకుంటారేమోనని బెంగ పట్టుకుంది. పక్కనే అక్షరాల్లో "సున్నా రూపాయలు మాత్రమే" అని రాసి, సంతకం పెట్టి, సంఘం ముద్ర కొట్టాడు. లోకంలో ఎవరడిగినా ఊరికే ఇచ్చే సాఫ్ట్‌వేర్ మా దగ్గర మాత్రం టెండరు గెలిచి వచ్చింది.

మ్యూజియం అంటే పెద్దగా ఊహించుకోకండి. సెక్టర్ ఆరులో మా సంఘం హాలు వెనక ఒక గది ఉంది. ఉగాది భోజనాలకు వాడే గంగాళాలు, కాళ్ళు విరిగిన కుర్చీలు అందులో పడి ఉండేవి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ప్లాంటు పనికి వచ్చిన మొదటి తరం వాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. పన్నెండో రోజు భోజనాలు కాగానే వాళ్ళ సామాన్లు పాత సామాన్ల బండివాడు పట్టుకుపోతున్నాడు. ఇది చూసి అధ్యక్షుడు గారికి మనసు కలిగింది. మన పెద్దవాళ్ళ వస్తువులు ఒకచోట పెడదాం, మన పిల్లలు చూస్తారు అన్నారు. ఆ మాట ఆయన పైపైన అనలేదు. అందుకే నేను సరేనన్నాను.

సంఘం వాట్సాప్ గ్రూపులో కబురు పెట్టగానే వస్తువులు వరదలా వచ్చాయి. టిఫిన్ క్యారియర్లు, హెల్మెట్లు, పగిలిన బూట్లు, రుబ్బురోలు, రెండు మెట్లు మోగని హార్మోనియం, మళ్ళీ టిఫిన్ క్యారియర్లు. ఇళ్ళలో అటకలు ఖాళీ అవుతున్నాయని చాలామంది ఆడవాళ్ళు మ్యూజియాన్ని మనస్ఫూర్తిగా దీవించారు. నందిని గనుల కాలనీ నుంచి ఒకాయన సున్నపురాయి ముక్క గుడ్డలో చుట్టి పంపాడు.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో కలిసి అసలైన మ్యూజియంల కోసం రాసినది. ఎవరైనా తీసుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూడవచ్చు, మనకి కావలసినట్టు మార్చుకోవచ్చు. ప్రతి వస్తువుకీ ఒక నంబరు. ఆ నంబరు కింద దాని ఫోటోలు, ఇచ్చిందెవరు, ఏ స్థితిలో ఉంది, ఎక్కడ పెట్టాం, ఎలా చూసుకోవాలి అన్నీ రాయాలి. ఉద్యోగం చేసినంత కాలం నేను ఇంకెవరో రాసిన ప్రోగ్రాముల ముందు కూర్చుని, పై గది వాళ్ళ అనుమతి లేకుండా ఒక కామా కూడా మార్చకుండా బతికాను. ఇప్పుడు తాళం లేని ఇల్లు దొరికింది. మా డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని దాని గదులన్నీ తిరిగి వచ్చాను. రిటైరయ్యాక అంత ఆనందం నాకు ఇంకెప్పుడూ కలగలేదు.

వచ్చిన చిక్కల్లా ఆ గదులు మాలాంటివాళ్ళ కోసం కట్టినవి కాకపోవడమే. "వస్తువు రకం" అన్నచోట శిల్పం, నాణెం, తైలవర్ణ చిత్రం, ఆయుధం, పాత్ర అని ఉన్నాయి. పాత్ర నొక్కితే మళ్ళీ రెండు: భోజన పాత్ర, అంత్యక్రియల పాత్ర. భయ్యా తన టిఫిన్ క్యారియర్ పట్టుకుని పక్కనే కూర్చుని ఉన్నాడు.

"మా ఇంటావిడ వొండింది ఇందులోనే తీసుకెళ్ళీవోణ్ణి మేడం. దోనో చలేగా, రెండూ సరిపోతాయి," అన్నాడు.

సున్నపురాయిని ఏమనాలో తెలియక "శిల్పం, అసంపూర్ణం" అని వేశాం. అన్నిటికంటే పెద్ద గొడవ "సంస్కృతి" అన్న గడి దగ్గర వచ్చింది. అధ్యక్షుడు గారు "ఆంధ్ర" అని రాయమన్నారు. భయ్యా ఒప్పుకోలేదు. "ఆంధ్ర అంటే విజయవాడోళ్ళు అనుకుంటారు సార్, సిక్కోలు అని రాయండి," అన్నాడు. మా పిల్లలనడిగితే "హమ్ తో భిలాయీ వాలే హై" అని, తాము భిలాయివాళ్ళమని తేల్చేశారు. మూడు సమావేశాలు టీ తాగి సమోసాలు తిన్నాక ఆ గడిని ముట్టుకోకుండా వదిలేద్దామని తీర్మానించాం. ముట్టుకోకపోతే అది తనంతట తానే "తెలియదు" అని నింపుకుంటుంది. అందుకని మా మ్యూజియంలో ఉన్న ప్రతి వస్తువుకీ ఇప్పటికీ సంస్కృతి: తెలియదు.

ఈ హడావిడిలోనే ఒక రోజు పిన్ని కబురు చేసింది.

పిన్ని మాకు రక్తసంబంధం కాదు. మా వెనక వీధి క్వార్టరు. మా అమ్మదీ ఆవిడదీ బొబ్బిలి పక్క ఊళ్ళు కాబట్టి పుట్టినప్పటి నుంచి పిన్నీ, బాబాయీ. బాబాయి సింటర్ ప్లాంటులో పనిచేసేవాడు. ఇనుప ఖనిజం పొడిని కాల్చి ముద్దలు చేసే చోటు అది. అక్కడ పనిచేసిన వాళ్ళ చెవి మడతల్లో, గోళ్ళ సందుల్లో, సైకిలు చువ్వల మధ్య ఎర్రదుమ్ము ఉంటుంది. షిఫ్టు దిగి బాబాయి వీధి మలుపు తిరిగాడంటే పిన్ని తడిగుడ్డ పట్టుకుని వరండాలో నిలబడేది. సైకిలు తుడవనిదే లోపలికి రానిచ్చేది కాదు. తుడుస్తున్నంతసేపూ ఆ దుమ్మునీ, ప్లాంటునీ, తనకి ఈ సంబంధం తెచ్చిన మేనమామనీ కలిపి తిట్టేది. మా చిన్నప్పుడు వీధిలో టైము తెలుసుకోవడానికి గడియారం అక్కర్లేదు, పిన్ని గొంతు చాలు.

బాబాయి రిటైరైన రోజు తోటివాళ్ళు దండలు వేసి, గులాల్ పూసి, బాజాలతో ఇంటిదాకా తీసుకొచ్చారు. ఆయన సైకిలెక్కకుండా పక్కన నడిపించుకుంటూ వచ్చాడు. వరండాలో స్టాండు వేశాడు. ఆ రోజు పిన్ని తడిగుడ్డ తేలేదు. ఆ తర్వాత బాబాయి ఆ సైకిలెక్కలేదు, పిన్ని దాన్ని తుడవలేదు. ఏళ్ళు గడిచాయి. బాబాయి పోయాడు. సైకిలు అలాగే ఉంది, ఆఖరి షిఫ్టు దుమ్ముతో సహా.

ఇప్పుడు ఆ క్వార్టరు గడువు తీరింది. కంపెనీ ఇల్లు, ఖాళీ చేయక తప్పదు. పిన్ని రాయ్‌పూర్‌లో కూతురి ఫ్లాటుకి వెళ్ళాలి. పై అంతస్తులో ఇల్లు, సైకిలు పెట్టుకునే చోటు లేదు. బండివాడికి ఇచ్చేయమని కూతురు మంచిమాటగానే చెప్పింది. పిన్ని మంచాలు ఇచ్చేసింది, బీరువా ఇచ్చేసింది, తులసి కుండీ పక్కింటి వాళ్ళకి అప్పగించింది. సైకిలు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయి నెలరోజులుగా ఏదో ఒక వంక చెబుతోంది.

"మీ మూజియం అంటన్నారు కదా, దాంట్లో ఉంచుతారేటి తల్లీ?" అని అడిగింది.

"ఎందుకుంచం పిన్నీ?"

"ఇలాగే ఉంచాల మరి. తుడవకూడదు."

ఎందుకని అడిగాను. ఊరికే అడిగాను, నాకు తెలియక కాదు.

"రోజూ తుడిచినప్పుడు రేపు మళ్ళీ దుమ్మొస్తాదని తెలుసు కదా, తిట్టుకుంటా తుడిచీదాన్ని. ఇంక కొత్త దుమ్ము రాదు. ఉన్నది ఉండనీ," అంది.

నేను లాప్‌టాప్ తెరిచి ఆవిడ ఎదురుగానే సైకిలుకి నంబరిచ్చాను. ఫోటోలు తీశాను. హ్యాండిలు, గంట పక్కన సొట్ట, పిన్ని పాత చీర అంచుతో కుట్టిన సీటు తొడుగు, క్యారియర్‌కి కట్టిన ట్యూబు ముక్క, మడ్‌గార్డు లోపలి వైపు గట్టిపడిపోయిన ఎర్రదుమ్ము. "ఎలా చూసుకోవాలి" అన్నచోట "తుడవరాదు, కడగరాదు, రంగు వేయరాదు" అని రాసి చూపించాను. పిన్ని కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుని చదివింది.

"ఇది అందరూ చదువుతారా?"

"చదువుతారు పిన్నీ. అందుకే కదా ఇదంతా."

అప్పటికి నేనలాగే నమ్మాను. సైకిలుకి నంబరు చీటీ మాత్రం దారంతో కట్టాను. మిగతా సమాచారమంతా రికార్డులో ఉండాలి, వస్తువు మీద రాతలు ఉండకూడదు. అసలైన మ్యూజియంలలో పద్ధతి అదేనట. పద్ధతి అంటే మాకు ప్రాణం.

ప్రారంభోత్సవానికి ప్లాంటు నుంచి పెద్ద అధికారి ఒకరు వస్తానన్నారు. ఈ ఊళ్ళో పెద్దవాళ్ళు వస్తున్నారంటే ఏమవుతుందో బయటివాళ్ళకి చెప్పాలి. రోడ్డు పక్క రాళ్ళు తెల్లబడతాయి. చెట్లకి నడుం దాకా సున్నం, దాని మీద ఎర్ర గేరూ పట్టీ పడుతుంది. దీపస్తంభాలకు వెండిరంగు, గేట్లకు నల్లరంగు, పంపులకు ఆకుపచ్చ. కదలని ప్రతిదానికీ రంగు వేస్తారు, కదిలేవి కాసేపు నిలబడితే వాటికీ వేస్తారు. మా చిన్నప్పుడు ఒక విదేశీ అతిథి వస్తున్నారంటే మా వీధిలో పడుకున్న ఆవు కొమ్ములకి కూడా రంగు వేసిపోయారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. అతిథి వచ్చేటప్పుడు ఒంటికి నూనె రాసుకుని తలంటుకున్నట్టు, మాకు అది మర్యాద.

నేను ఆ వారం విశాఖపట్నంలో మా మేనకోడలి సీమంతంలో ఉన్నాను. గ్రూపులో రోజూ ఫోటోలు వస్తున్నాయి. హాలు మెరుస్తోంది, గోడలు మెరుస్తున్నాయి. బాగుంది బాగుంది అని నేనూ బొమ్మలు పెట్టాను. ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే రైలు దిగి నేరుగా సంఘానికి వెళ్ళాను.

గది మధ్యలో ఒక వెండి సైకిలు ఉంది. హ్యాండిలు వెండి, మడ్‌గార్డులు వెండి, చైను కవరు వెండి, క్యారియరు వెండి. టైర్లకు బూట్ పాలిష్ పట్టించారు. చీర అంచు తొడుగు తీసేసి సీటుకి కొత్త రెక్సిన్ వేశారు. దాని పక్కన టిఫిన్ క్యారియర్లన్నీ పెళ్ళికూతుళ్ళలా తళతళలాడుతున్నాయి. చీటీలన్నీ పెయింటు పనికి అడ్డమని తీసేసి ఒక డబ్బాలో వేశారు.

"ఎలా ఉంది అమ్మాయ్?" అన్నారు అధ్యక్షుడు గారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"సార్, దీన్ని తుడవద్దని రాశాను కదా."

"ఎక్కడ రాశావ్?"

"సాఫ్ట్‌వేర్‌లో."

"సాఫ్ట్‌వేర్ ఎవరు చూస్తారమ్మా, పెయింటరా?"

ఆయనన్నది నిజం. నేను ఆ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి గడీ నింపాను, ఫోటోలు పెట్టాను, ఇంకో దేశంలో ఎవరో తెలియని మనిషిని అడిగి మరీ తెలుగు అక్షరాలు సరిగ్గా కనబడేలా చేయించుకున్నాను. దాన్ని తెరిచి చూసిన మనిషిని ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే.

భయ్యా నన్ను ఊరడించబోయాడు. "చిల్లర పని కాదు మేడం. భిలాయి త్రీ బస్తీ నుంచి పాత పెయింటర్ని పిలిపించినాం. మొదలు కిరసనాయిలుతో కడిగినాడు, ఎమరీ పేపరు పెట్టి గీకినాడు, రెడ్ ఆక్సైడ్ కొట్టినాడు, దాని మీద సిల్వరు. ప్లాంటు లెవెల్ పని. పాతికేళ్ళు ఊడదు."

అంటే ఉన్న ఎర్రదుమ్ముని గీకి పారేసి, అదే రంగు ఉన్న ఎర్ర పెయింటు డబ్బాతో కొని పూశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. లాప్‌టాప్ తీసి కిటికీలోంచి విసిరేద్దామనిపించింది. కానీ ఎవరిని తిట్టను? వీళ్ళు ఆ సైకిలుని చిన్నచూపు చూసి ఇలా చెయ్యలేదు. గౌరవంతో చేశారు. తమకి తెలిసిన గౌరవం అదొక్కటే. అది ఆలోచించాక కోపం తగ్గకపోగా, దాన్ని పెట్టుకోవడానికి చోటు కూడా లేకుండా పోయింది.

పెద్ద అధికారి వచ్చారు. రిబ్బను కత్తిరించారు. వెండి సైకిలు పక్కన నిలబడి ఫోటో దిగారు. సున్నపురాయిని చూసి "వెరీ నైస్" అన్నారు. వెళ్ళిపోయారు.

పిన్ని పట్టుచీర కట్టుకుని ఆటోలో వచ్చింది. ఆ మర్నాడే ఆవిడ రాయ్‌పూర్ ప్రయాణం. గదంతా ఒకసారి తిరిగింది. వెండి సైకిలు దాటి వెళ్ళి, మూల దాకా చూసి, మళ్ళీ వెనక్కి వచ్చింది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"మా సైకిలు ఎక్కడెట్టేరు బాబూ?" అని అధ్యక్షుడు గారిని అడిగింది.

"ఇదేనండీ మీది," అన్నారాయన చెయ్యి చాపి, ఎంతో సంబరంగా. "కొత్తదానిలా చేయించాం."

పిన్ని చూసింది. చెయ్యి చాపి, ముట్టుకోకుండా వెనక్కి తీసుకుంది.

"బాగుంది బాబూ," అంది.

ఆవిడ గొంతు వీధి చివర దాకా వినబడేదని చెప్పాను కదా. ఆ రోజు ఆ మాట పక్కనున్నవాళ్ళకి కూడా సరిగ్గా వినబడలేదు. టీ ఇస్తే వద్దంది. నేను ఆటో దాకా వెంట వెళ్ళాను. పిన్ని ఏడవలేదు. ఏడ్చింది నేనే.

"అది మా సైకిలేనని నాకు తెల్దేటి తల్లీ? గంట పక్కన సొట్ట ఉంది, చూసేను," అంది. "నువ్వు ఏడవకు. నువ్వేటి చేస్తావు?"

"నేను రాశాను పిన్నీ."

"రాసేవు. చూసేను కదా." కొంగు భుజం మీదికి లాక్కుంది. "ఇన్నాళ్ళూ వరండాలో దాన్ని చూస్తే, మీ బాబాయి ఇప్పుడే డ్యూటీ దిగొచ్చి లోపల నీళ్ళోసుకుంటన్నాడు అన్నట్టుండీది. ఇప్పుడది ఎవులిదో."

ఆటో ఎక్కి కూర్చుంది. ఎక్కాక అడిగింది.

"నీ కంప్యూటర్లో దానికి ఏటి రాసుంది ఇప్పుడు?"

"ఉంది అని. గదిలో పెట్టాం అని."

"ఉందని రాయకు. కనబడ్డం లేదని రాయ్."

"పిన్నీ, అలా రాస్తే వీళ్ళు..."

"లేన్దాన్ని లేదని రాయడానికి భయమేటి?" అంది. అప్పుడు మాత్రం పాత గొంతు వినబడింది. ఆటోవాడు ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశాడు.

ఇంటికొచ్చి రికార్డు తెరిచాను. "స్థితి" అన్నచోట వరసగా ఉంటాయి: ప్రదర్శనలో ఉంది, భద్రపరిచాం, అరువిచ్చాం, మరమ్మతులో ఉంది, కనబడుట లేదు. నేను ఆఖరిది నొక్కాను. నిజంగానేనా అని సాఫ్ట్‌వేర్ ఒకసారి అడిగింది. ఇంతవరకూ నన్ను ఆ మాట అడిగింది అదొక్కటే. అవునన్నాను.

ఏడాది తిరిగింది. ఆ వెండి సైకిలు పక్కన పిల్లలు ఫోటోలు దిగుతూనే ఉన్నారు. వార్షిక సమావేశం దగ్గరపడింది. భయ్యాకి పండగొచ్చింది, ఎందుకంటే ఏడాదికోసారి స్టాకు సరిచూసుకోవాలన్నది స్టోర్సువాళ్ళకి ఏకాదశి లాంటిది. నా చేత కాగితాలు అచ్చు తీయించుకుని, చెవిలో పెన్సిలు పెట్టుకుని గదిలోకి వెళ్ళాడు. సాయంత్రం నలిగిన మొహంతో బయటికొచ్చాడు.

"మేడం, గడ్‌బడ్ హై. రికార్డులో ఒక సైకిలు షార్టేజ్. గదిలో ఒక సైకిలు ఎక్సెస్. షార్టేజైన దానికి కాగితముంది, వస్తువు లేదు. ఎక్సెస్ అయిందానికి వస్తువుంది, కాగితం లేదు."

"అవును భయ్యా. రెండూ నిజమే."

ఆయన పెన్సిలు తీసి రెండింటి పక్కనా టిక్కు పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన చాలా చూసి ఉంటాడు, ఇంకేం అడగలేదు.

అధ్యక్షుడు గారు మాత్రం ఊరుకోలేదు. మ్యూజియం పెట్టిన మొదటి ఏడాదే ఒక వస్తువు పోయిందని సభలో ఎలా చదవడం అన్నారు. సైకిలు ఎదురుగా ఉంది కదా అన్నారు. నేను మార్చనన్నాను. అయితే నేనే మారుస్తానని లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. అది పాస్‌వర్డ్ అడిగింది.

"అందరికీ తెరిచే ఉంటుందన్నావ్ కదమ్మా. మరి ఇదేంటి?"

"సాఫ్ట్‌వేర్ అందరిదీ సార్. రికార్డు ఇచ్చినవాళ్ళది. ఇచ్చినావిడ ఉందని చెబితే ఇప్పుడే మార్చేస్తాను."

ఆయనకి ఇది న్యాయంగానే తోచింది. పిన్ని నంబరు తీసుకుని, మ్యూజియం గదిలోనే కూర్చుని, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టి ఫోన్ చేశారు. భయ్యా, నేను చెరో పక్కా నిలబడ్డాం. క్షేమసమాచారాలు అయ్యాక విషయానికి వచ్చారు.

"అమ్మా, మీ సైకిలు మా దగ్గర భద్రంగా ఉందండి. రికార్డులో కనబడటం లేదని పడింది. మీరొక్క మాట చెబితే సరిచేయించేస్తాను."

అటు వైపు కుక్కర్ కూత వినబడింది.

"దొరికిందా బాబూ?" అంది పిన్ని. "అయితే ఎనక మడ్‌గార్డు కింద ఓసారి చెయ్యెట్టి చూడండి. ఎర్రదుమ్ము ఉంటాది. ఉందేమో చూసి చెప్పండి."

అధ్యక్షుడు గారు నా వైపు చూశారు. ఏదో వంక చెప్పి ఫోన్ పెట్టేస్తారనుకున్నాను, పెద్ద ఆఫీసరుగా చేసిన మనిషి కదా. ఆయన పెట్టలేదు. ఫోను భయ్యా చేతికిచ్చి, మోకాలు పట్టుకుని మెల్లగా నేలమీదికి వంగారు. ఒక చేత్తో క్యారియర్ పట్టుకుని రెండో చెయ్యి మడ్‌గార్డు కిందికి పోనిచ్చి, ఈ చివర నుంచి ఆ చివర దాకా వేళ్ళతో తడిమారు. మళ్ళీ తడిమారు. చెయ్యి బయటికి తీసి కిటికీ వెలుతురులో పెట్టి చూసుకున్నారు. పెయింటర్ చేసిన పని మంచిది. వేళ్ళు శుభ్రంగా ఉన్నాయి.

"లేదండీ," అన్నారు, నేలమీద అలాగే కూర్చుని.

"అయితే అది మాది కాదు బాబూ," అంది పిన్ని. కోపంగా అనలేదు. "మాది దొరికితే చెప్పండి."

ఆయన కొంచెంసేపు ఆ వేళ్ళ వైపే చూశారు. "వెతుకుతామమ్మా," అన్నారు.

ఆ వారం సభలో, ఈ సంవత్సరం మన మ్యూజియం ఒక సైకిలుని పోగొట్టుకుందని ఆయనే నిలబడి చదివారు.